ఆ గట్టు ఎవరిది?

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో జరిగిన మన బ్యాంకు ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను జంషెడ్‌పూర్ అనుభవాలు చెప్పమన్నారు. 2021 నుంచి 2024 దాకా మూడేళ్లు అక్కడ పనిచేశాను. ఆ ఊరి పేరు ఎత్తగానే ఎవరైనా ఉక్కు గురించే అడుగుతారు. 1907లో సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారానికి చోటు ఖాయం చేశారు, 1912లో అక్కడ తొలి ఉక్కు తయారైంది, 1919లో ఊరికి జంషెడ్‌జీ పేరు పెట్టారు. ఆ తొలిరోజుల నుంచీ మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు రైలెక్కి అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. బిష్టూపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. కదమాలో సాయంత్రం కూరగాయల దగ్గర నిలబడితే మన యాస చెవిన పడుతుంది. ఇవన్నీ మీరు ఎవరో ఒకరి నోట వినే ఉంటారు. నేను చెప్పదలచుకున్నది వరి సంగతి.

ఉక్కు ఊళ్లో వరేమిటంటారా? మామ్గో వంతెన దాటి, డిమ్నా చెరువు పక్కగా దల్మా కొండల వెంట పటమ్‌దా దారి పట్టండి. అరగంట గడవకముందే పొగగొట్టాలు కనుమరుగవుతాయి. నేల కెరటంలా లేస్తూ పడుతూ ఉంటుంది. మిట్టల మీద సాలచెట్లు, ఇప్పచెట్లు, ఎర్రమట్టి. మిట్టకీ మిట్టకీ నడుమ ఉన్న పల్లంలో పైనుంచి కింది దాకా మెట్లు మెట్లుగా వరిమళ్లు. ఇండోనేషియా బొమ్మల్లో చూసే కొండంత మెట్లు కావు. ఒక్కో మెట్టు అడుగు ఎత్తు, రెండడుగులు, ఎక్కడో ఒకచోట మనిషి ఎత్తు. కారులో వేగంగా పోతే మెట్లని కూడా తెలియదు. దిగి నడిస్తేనే తెలుస్తుంది.

ఆగస్టు నెల రెండో శనివారం. మనకి సెలవు. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అమ్మాయి, ఏడేళ్ల మా అబ్బాయి, తణుకు నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా మామగారు, ఐదుగురం బయల్దేరాం. పిల్లలు జూబిలీ పార్కుకి అనుకున్నారు. పొలానికి అని తెలిశాక కారులో కాసేపు మాటల్లేవు. మా మామగారు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. ఆయన నలభై ఏళ్లు గోదావరి కాలవ కింద వ్యవసాయం చేసిన మనిషి. వాకిట్లో చెప్పులు వేసుకుంటూనే "అల్లుడుగారూ, కొండ మీద వరేమిటండీ, నీళ్లు నిలవాలి కదండీ" అని ఒక ప్రశ్న వేసి పెట్టారు.

మమ్మల్ని పిలిచింది మా బ్రాంచి ఖాతాదారు, అరవై దాటిన ఒక సంతాలీ రైతు. పేరు చెప్పను, పెద్దాయన అంటాను. ఆయన పిలుపు వెనక రెండేళ్ల కథ ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నేను ఆ బ్రాంచిలో చేరిన ఏడాది సెప్టెంబరులో గట్టిగా వానలు పడ్డాయి. పెద్దాయన మళ్లకి సరిగ్గా పైన ఉన్న మడి ఆయన పినతండ్రి కొడుకుది. ఆ తమ్ముడు పని కోసం గుజరాత్ వెళ్లిపోయాడు. ఆ మడి గట్టుని రెండేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. ఒక రాత్రి అది తెగింది. తెగిన నీళ్లు కింది మడిలో పడి దాని గట్టునీ కోశాయి, అక్కణ్ణుంచి ఇంకో గట్టు. తెల్లారేసరికి ఏడు మళ్లు పోయాయి. పొట్ట మీదున్న పైరు మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది.

పెద్దాయన బ్రాంచికి వచ్చి లోను అడిగారు. పంట రుణం గురించి కాదు, అది ముందే ఉంది. ఇసుక తీయడానికి, గట్లు కట్టడానికి. భూమి అభివృద్ధి కింద మనం ఇవ్వగలిగిన లోనే. ప్రతిపాదన తయారుచేసి పైకి పంపాను. ఒక్క ప్రశ్నతో తిరిగొచ్చింది. తెగిన మొదటి గట్టు ఎవరిది? ఆ భూమి దరఖాస్తుదారు పేరున ఉందా?

న్యాయమైన ప్రశ్నే. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే అడిగేవాణ్ణి. పరుల భూమిలో కట్టే గట్టుకి మనం ఎలా అప్పు ఇస్తాం? కానీ ఆ గట్టు నిలవకపోతే ఈయన సొంత మళ్లలో ఎంత ఇసుక తీసినా మరుసటి వానకే మళ్లీ మేట వేస్తుంది. కాగితం మీద ఆస్తి ఒకరిది, నష్టం ఇంకొకరిది.

నేను పెద్దాయన్నే అడిగాను. ఆయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. గట్టు పై మడివాడిది, ఎందుకంటే ఆ మడిలో నీళ్లని ఆపేది అదే. దాని మీద గడ్డి కోసుకునేదీ అతనే. కానీ రాత్రి వాన పడితే లేచి లాంతరు పట్టుకుని చూసి వచ్చేది కింది మడివాడు. "మంచం మీద నిద్ర పట్టనిది ఎవరికి బాబూ? వాడిదే గట్టు" అన్నారు. దీన్ని అప్రైజల్ నోట్‌లో ఏ గడిలో రాయను?

చివరికి దారి దొరికింది. ఇద్దరి భూమికీ కలిపి ఒక లోను అనే ఆలోచన పక్కన పెట్టాం. పై గట్టుని పంచాయతీ ఉపాధి హామీ పనుల్లో పెట్టింది. ఝార్ఖండ్‌లో పొలం గట్ల పనిని మేడ్‌బందీ అంటారు, అది ఆ పథకంలో మామూలుగా చేసేదే. దానికి భూమి యజమాని సంతకం కావాలి. తమ్ముడు గుజరాత్‌లో, భూమి ఇంకా వాళ్ల నాన్న పేరున. ఊళ్లో ఉన్న తమ్ముడి భార్య ఆ కాగితాల కోసం అంచల్ కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. మార్చిలో పని మొదలైంది. కింది ఏడు మళ్ల ఇసుకకి మన లోను వచ్చింది. వైశాఖంలో గట్లన్నీ లేచాయి.

అప్పుడేమైందంటే, ఆ ఏడు వానే రాలేదు. అది 2022. ఝార్ఖండ్ ప్రభుత్వం 226 బ్లాకుల్ని కరువు ప్రాంతాలుగా ప్రకటించిన సంవత్సరం. పై మెట్లలో చాలాచోట్ల నాట్లే పడలేదు. కొత్త గట్టు ఎండలో గట్టిపడుతూ కూచుంది. అది నీళ్లని ఆపుతుందో లేదో తేల్చడానికి నీళ్లు కావాలి కదా! అందుకని మరుసటి ఆగస్టు మొదటివారంలో నాలుగు రోజులు కుండపోతగా కురిసి, వాన తగ్గాక పెద్దాయన ఫోను చేశారు. "నిలిచింది. పిల్లల్ని తీసుకుని రండి" అన్నారు.

అలా వెళ్లాం. కారు ఊరి చివర చింతచెట్టు కింద ఆపి గట్ల మీదికి దిగాం. మా మామగారు నాలుగడుగులు వేసి ఆగి, చుట్టూ చూసి, కొండ చరియ నుంచి వాగు దాకా ఒకసారి కళ్లతో కొలిచారు. "కాలవ ఏదండీ?" అన్నారు. నేను హిందీలో అడిగాను. పెద్దాయన కాలి బొటనవేలితో గట్టులో ఒక కోత చూపించారు. జానెడు వెడల్పు. పై మడిలో నీళ్లు చాలినంత నిండాక మిగిలింది ఆ కోతలోంచి కింది మడిలోకి జారుతోంది. మన వైపు మడవ అంటాం చూశారా, అదే. ఆ మడి నిండాక దాని మడవ, దాని కింద ఇంకోటి. కాలవ వేరే లేదు. మడే కాలవ.

మా మామగారు ఆ కోత దగ్గర కూచుండిపోయారు. ఆయనకి తెలిసిన నీళ్లు ధవళేశ్వరం నుంచి వస్తాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసినప్పటి నుంచీ ఆయన తాతముత్తాతలకి నీళ్లంటే లాకు, కాలవ, పిల్లకాలవ, బోదె. అది వదలమని అధికారిని అడగాలి. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు. పై మడివాడు తన కోతని రెండు వేళ్ల లోతు పెంచితే కిందివాడికి నీళ్లెక్కువ, తగ్గిస్తే తక్కువ. ఊరంతా ఒకరి నీళ్లు ఒకరు తాగుతున్నారు.

ఇక్కడ కాస్త పాఠం చెబుతాను, భరించండి. ఆ వైపు పొలాలకి నాలుగు పేర్లు ఉన్నాయి. అన్నిటికంటే పైన టాండ్, అంటే మన మెట్ట, గరువు. దాని కింద తొలి మెట్లు బైద్. మధ్యవి కనాలి. వాగు పక్కన అడుగున ఉన్నవి బహాల్. పటమ్‌దా 1956 దాకా మాన్‌భూమ్ జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ ఈ పేర్లు. రాంచీ వైపు దోన్, టాండ్ అంటారు. ఇవి రైతుల మాటలే కాదు, ఖతియాన్‌లో, అంటే మన అడంగల్ లాంటి రికార్డులో, మడి మడికీ రాసి ఉంటాయి. పైన పడిన వాన మట్టిలోంచి కిందికి ఊరుతుంది. మట్టిలోని మెత్తటి సారమూ కొంచెం కొంచెంగా కిందికే చేరుతుంది. అందుకని బైద్ మడి నాలుగు రోజులు వాన లేకపోతే బీటలు తీస్తుంది. బహాల్ మడి కార్తికం దాకా తడిగా ఉంటుంది. ఒకే రైతు, ఒకే పొలం, వంద గజాల తేడాలో రెండు వేరు వ్యవసాయాలు. బైద్‌లో తొందరగా పండే విత్తనం, బహాల్‌లో ఐదు నెలల విత్తనం.

మన పనిలో ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. పంట రుణానికి జిల్లాకి ఒక స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ ఉంటుంది. వరికి ఎకరానికి ఇంత. కాగితం మీద పెద్దాయనది రెండెకరాల నలభై డిసిమిల్. డిసిమిల్ అంటే మన సెంటే. ఆ రెండెకరాల నలభైలో ఎంత బైద్, ఎంత బహాల్ అనేది తెలియకుండా ఆయన ఎంత అప్పు మోయగలడో తెలియదు. ఆ మూడేళ్లలో దరఖాస్తు చేతికి రాగానే నేను మొదట ఖతియాన్ తీసి మళ్ల తరగతి చూసేవాణ్ణి. రెండో సంగతి, అది గిరిజనుల భూమి. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వల్ల బయటివాళ్లకి అమ్మడం కుదరదు. తాకట్టుగా పెట్టుకున్నా మనం వేలం వేయగలిగిన ఆస్తి కాదు. కొందరు దాన్ని ఇబ్బందిగా చూస్తారు. ఆ చట్టమే లేకపోతే జంషెడ్‌పూర్‌కి ఇంత దగ్గరలో ఆ మెట్లు ఈపాటికి ప్లాట్లు అయ్యుండేవని నా అభిప్రాయం. కిసాన్ క్రెడిట్ కార్డులో తాకట్టు లేకుండా ఇచ్చే పరిమితి అప్పట్లో లక్షా అరవై వేలు, 2025 జనవరి నుంచి రెండు లక్షలు. వాళ్లలో ఎక్కువమంది అవసరం అందులోనే తీరిపోతుంది.

సరే, పొలానికి వద్దాం.

మా అమ్మాయి మళ్లని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి వచ్చేసరికి ముప్పై ఒకటి. రెండున్నర ఎకరాలు నిండకుండా ముప్పై ఒక్క మళ్లు! కొన్ని మన హాలంత, కొన్ని పట్టెమంచమంత. పెద్దాయనకి లెక్క తెలియదు, పేర్లు తెలుసు. మారేడుచెట్టు మడి, రాతి మడి, అత్త మడి. ఒక మడిని చూపించి ఏదో అని నవ్వారు. మా అమ్మాయి అడిగితే చెప్పారు. వాళ్ల తాత తన జీవితకాలంలో రెండు మళ్లు చేశాడట. వాళ్ల నాన్న ఒకటిన్నర. "ఒకటిన్నర ఏమిటి?" అంది మా అమ్మాయి. రెండోది తవ్వుతుంటే బండ తగిలిందట. అంతటితో వదిలేశాడు. అందుకే ఆ మడి అర్ధచంద్రాకారంలో ఉంటుంది.

మడి చేయడమంటే ఏమిటో ఆయన మా పిల్లలకి పుల్లతో బురదలో గీసి చూపించారు. ఏటవాలు నేలలో పై సగం తవ్వాలి, ఆ మట్టి కింది సగం మీద పోయాలి. చదును ఎలా తెలుస్తుంది? నీళ్లు పెట్టాలి. ఎక్కడ మట్టి పైకి తేలిందో అక్కడ తీసి, లోతున్నచోట వేయాలి. వాన పడ్డప్పుడే ఈ పని. ఏడాదికి కొన్ని వారాలే. పై మన్ను ముందు పక్కకి తీసిపెట్టి, చదును అయ్యాక మళ్లీ పరచాలి. లేకపోతే పైరు రాదు. గట్టు తొక్కి తొక్కి గట్టి చేయాలి. అలా మూడు నాలుగేళ్లకి ఒక మడి వరి మొహం చూస్తుంది. మా మామగారు మధ్యలో అందుకుని, దమ్ము చేసి పలక తోలడం గురించి తెలుగులో చెప్పసాగారు. పెద్దాయన తల ఊపుతున్నారు. నేను అనువదించే పని మానేశాను. ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటున్నారు, అదే బాగుంది.

"మరి మీరెన్ని చేశారు?" అని మా అమ్మాయి పెద్దాయన్ని అడిగింది. ఒక్కటీ చేయలేదట. "ముప్పై ఒకటీ ఉంచాను" అన్నారు. ఆ మాటలో గర్వం ఏమీ లేదు, ఖాతాలో నిల్వ చెప్పినట్టు చెప్పారు.

మా అబ్బాయికి ఇవేవీ పట్టలేదు. వాడికి ఎండ్రకాయలు దొరికాయి. గట్టు పక్కన నీళ్లలోంచి ఒకటి బుడుంగుమని దూరింది. వాడు చెయ్యి పెట్టబోతే పెద్దాయన మనవడు, తొమ్మిదేళ్లవాడు, గబుక్కున వాడి మణికట్టు పట్టుకున్నాడు. తర్వాత ఆ పిల్లాడే ఎండ్రకాయని పట్టి తీసి, ఆ బొరియలో బురద ముద్ద కుక్కి, మడమతో నాలుగుసార్లు తొక్కాడు. గట్టుకి ఎండ్రకాయ పెద్ద శత్రువు. వేలంత బొరియ. రాత్రంతా నీళ్లు దాంట్లోంచి జారితే తెల్లారేసరికి పిడికిలంత, మూడో రోజుకి గండి. రెండేళ్ల కిందట ఏడు మళ్లు పోయింది ఇలాంటి బొరియతోనేనని పెద్దాయన నమ్మకం. ఆ తర్వాత మావాడు గంటసేపు ఆ పిల్లాడి వెనకే తిరిగి పదకొండు బొరియలు పూడ్చాడు. ఒక్కోటి పూడ్చినప్పుడల్లా అరిచి లెక్క చెప్పాడు. వాడి నిక్కరు సంగతి మా ఆవిడని అడగండి.

నాట్లు చివరికి వచ్చాయి. కింది మళ్లలో పదిమంది ఆడవాళ్లు వరసగా వంగి నాటుతున్నారు. అందులో ఆ తమ్ముడి భార్యా ఉంది. మా అమ్మాయి దిగుతానంది. వాళ్లు నారుకట్ట ఒకటి చేతికిచ్చారు. మూడు వరసలు నాటింది. ఆవిడ వెనకనుంచి వచ్చి అందులో సగం పీకి మళ్లీ నాటింది, ఏమీ అనకుండా. మా అమ్మాయి మొహం చూడాలి. తర్వాత ఇంటికి వచ్చాక చెప్పింది, "నేను లోతుగా గుచ్చాను నాన్నా, అంత లోతు పెడితే పిలకలు రావట" అని. ఎవరు చెప్పారంటే తాతయ్య చెప్పారంది.

ఏం విత్తనం అని మా మామగారు అడిగారు. అడుగు మళ్లకి స్వర్ణ, నడిమి మెట్లకి ఎంటీయూ వెయ్యిన్నీ పది. ఈ మాట విని ఆయన లేచి నిలబడ్డారు. ఎంటీయూ అంటే మార్టేరు. పశ్చిమ గోదావరిలో ఆయన ఊరికి కూతవేటు దూరం. అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టిన విత్తనాలు ఇవి. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 1982లో విడుదలైంది. బెంగాల్, ఒడిశా, ఝార్ఖండ్ పల్లపు మళ్లలో విరివిగా పండుతుంది. ఎంటీయూ 1010కి మన దగ్గర పేరేమిటో తెలుసా? కాటన్‌దొర సన్నాలు. కాలవలు తవ్వించిన దొర పేరున్న వరి, కాలవ అన్నది లేని ఊళ్లో, మెట్ల మీద, వాన నీటికి పండుతోంది. నూట ఇరవై రోజుల పంట కాబట్టి వాన వెనకబడకముందే చేతికొస్తుంది, అందుకని నడిమి మెట్లకి అది. మా మామగారు పెద్దాయన చెయ్యి పట్టుకుని "మాది, మాది" అన్నారు. పెద్దాయన ఏమర్థం చేసుకున్నారో గానీ ఆయనా సంతోషించారు.

ఇంకొకటి కుదిరింది. రైతులిద్దరూ కార్తెల దగ్గర కలుసుకున్నారు. అక్కడా రోహిణిలోనే విత్తనం తీస్తారు. మన హస్త కార్తె వానని వాళ్లు హథియా అంటారు. పై మెట్లలో గింజ పాలు పోసుకునేది అప్పుడే. హథియా కురవకపోతే బైద్ మడి తాలు. మా మామగారు "హస్త", ఆయన "హథియా" అని చెరో రెండుసార్లు అని తృప్తిపడ్డారు.

మధ్యాహ్నం ఇప్పచెట్టు కింద కూచున్నాం. మేం పులిహోర తీసుకెళ్లాం. వాళ్లు మరమరాలు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ఇచ్చారు. ఇవాళ భాషా దినోత్సవం కాబట్టి ఈ ముక్క చెప్పాలి. మావాడు నీళ్లు అడిగితే ఆ మనవడు "దాక్" అన్నాడు. చివరి శబ్దం గొంతులోనే ఆగిపోతుంది. సంతాలీలో దాక్ అంటే నీళ్లు. దాకా అని సాగదీస్తే అన్నం. మా మామగారికి నవ్వొచ్చింది. "మన దాక అన్నం వండుకునే కుండ కదండీ, వీళ్లకి అందులోదే దాకా" అన్నారు. రెండిటికీ చుట్టరికం ఉందని నేను అనను. కానీ నిజమైన చుట్టరికం ఒకటి ఉంది. నీళ్లకి ఈ దాక్ మాట ముండా భాషలన్నిటా ఏదో ఒక రూపంలో ఉంది. ఆ కుటుంబంలోదే మన శ్రీకాకుళం, పార్వతీపురం కొండల సవర భాష. ఇవాళ ఎవరి పుట్టినరోజు జరుపుకుంటున్నామో ఆ గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ, సవరల నోట విని నేర్చుకుని, 1931లో వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు తెచ్చిన భాష. పంతులుగారిని మనం వాడుక తెలుగు కోసం గుర్తుపెట్టుకున్నాం. ఆయన సవరల కోసం పడ్డ శ్రమని అంతగా తలుచుకోం.

ఆ సవరలు కూడా మెట్లపొలాలు కట్టడంలో పేరుపడ్డవాళ్లే. గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో వాళ్లవి మట్టి గట్లు కావు, రాతి గోడలు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, వెనక మట్టి నింపి, వాగు పుట్టినచోటు నుంచి కిందికి దింపుకొస్తారు. విశాఖలో ఉన్న మనకి ఇవి జంషెడ్‌పూర్ కంటే ఎంతో దగ్గర. పిల్లల్ని అరకు తీసుకెళ్లి బొర్రా గుహలు, మ్యూజియం చూపించి వచ్చేస్తాం. దారిలో లోయలోకి చూస్తే కనిపించే వరి మెట్ల దగ్గర కారు ఆపం.

ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావ్ అనే కొండజాతివాళ్ల మెట్లపొలాలు ఉన్నాయి. 1995లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆరేళ్లకే, 2001లో, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. కుర్రాళ్లు పట్నాలకి వెళ్లిపోయారు, గోడలు కూలితే ఎత్తేవాళ్లు లేరు, నీళ్ల పంపకం చూసేవాళ్లు తగ్గారు. ఆ జాబితా నుంచి బయటపడడానికి 2012 దాకా పట్టింది. ఇది చదివినప్పుడు నాకు యునెస్కో కంటే ముందు ఆ గుజరాత్ తమ్ముడు గుర్తొచ్చాడు. అతన్ని తప్పుపట్టలేను. బైద్ మడిలో ఏడాదికొక పంట, అదీ హథియా దయ. అతను నెలకి పంపే డబ్బు ఆ మడి ఏడాదికి పండించదు. పెద్దాయన సొంత కొడుకూ ఆదిత్యపూర్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. వారానికొకసారి మోటారు సైకిల్ మీద వస్తాడు. అతనికి గట్టు పని వచ్చు, కానీ గట్టు ఆదివారం దాకా ఆగదు.

తిరిగి వచ్చేముందు పెద్దాయన మమ్మల్ని పైకి తీసుకెళ్లి ఆ కొత్త గట్టు చూపించారు. నడుమెత్తు ఉంది. మీద గడ్డి పట్టుకుంది. అవతల నీళ్లు అంచు దాకా నిలిచి ఉన్నాయి, ఆకాశం కనిపిస్తోంది. ఇవతల పొడిగా ఉంది. ఆయన ఇవతలి వైపు అరచెయ్యి ఆనించి, తీసి, నాకు చూపించారు. చెమ్మ లేదు. లోను తనిఖీలు చాలా చేశాను గానీ ఇంత స్పష్టమైన తనిఖీ చూడలేదు. రిపోర్టులో "పని సంతృప్తికరం" అని రాశాను. అంతకంటే రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు.

ఆ ఏడు పంట వచ్చింది. కోతల ముందు దల్మా ఏనుగులు దిగి రెండు బహాల్ మళ్లు తొక్కాయి. అది అక్కడ మామూలే, మంచెలు వేసుకుని డప్పులు కొడుతూ కూచుంటారు. లోను వాయిదాలు కొంచెం అటూఇటూగా కడుతున్నారని నా తర్వాత వచ్చిన మేనేజరు చెప్పారు.

నేను బదిలీ అయ్యాక తమ్ముడి భార్య కూడా గుజరాత్ వెళ్లిపోయింది. పై మడి ఇప్పుడు పెద్దాయనే పాలుకి చేస్తున్నారు. మొన్న జూలైలో ఫోను చేస్తే వాన గురించి చెప్పారు, నడుం నొప్పి గురించి చెప్పారు. మనవడికి పదకొండేళ్లు వచ్చాయి. బడికి వెళ్లేముందు పై గట్టు ఒకసారి నడిచి వస్తున్నాడట. ఆరో తరగతి అయ్యాక వాణ్ణి హాస్టల్లో వేయాలని కొడుకు అంటున్నాడు. వేయమనే చెప్పాను అన్నారు పెద్దాయన. ఆ తర్వాత కాసేపు ఫోనులో ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. మావాడు పక్కనుంచి "ఎన్ని ఎండ్రకాయలు దొరికాయో అడుగు నాన్నా" అన్నాడు. అడిగాను. ఆయన మనవణ్ణి పిలిచి ఫోను ఇచ్చారు.

మీలో ఎవరైనా ఆ వైపు బదిలీ మీద వెళ్తే, నాట్లు చూడాలంటే జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి లోపల వెళ్లండి. పిల్లలకి రెండు జతల బట్టలు పెట్టండి. గట్ల మీద ఒకరి వెనక ఒకరు నడవండి. కొత్తగా బురద మెత్తిన చోట మాత్రం కాలు పెట్టకండి, ఎవరో అప్పుడే తొక్కి వెళ్లి ఉంటారు. ఫొటోలు మా అమ్మాయి ఫోనులో ఉన్నాయి, భోజనాల దగ్గర చూపిస్తుంది.